నాయకుఁడు మాఱిన కథ

కథ వినుటయందును, వినిన కథకుఁ గొనసాగింపు కోరుటయందును బాలురకుఁ గల యాసక్తి క్రొత్తది కాదు. అవ్వ చెప్పు కథ ముగిసిన వెంటనే “తరువాత నేమైనది?” అని యడుగని బాలుఁడు లేఁడు. పూర్వ మీ ప్రశ్నకు అవ్వయే కాక హరిదాసును, బుఱ్ఱకథకులును, యక్షగానము లాడువారును బదులు చెప్పుచుండిరి. నేఁడు ఆ పనిలోఁ గొంతభాగమును వీడియో గేములు చేపట్టినవి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల బాలబాలికలు విరామసమయమున మాటలాడుకొను విషయములలో క్రికెట్టు, చలనచిత్రముల తరువాత నీ యాటలే ముఖ్యములు. వారిలో ఆ యంత్రము నింటఁ గలవారు మిక్కిలి కొద్దిమంది. ఇతరు లాడుచుండఁగా సెల్‌ఫోనులోఁ జూచి యానందించువారే పెక్కండ్రు. అయినను కథ మాత్రము అందఱికిని దెలియును. కావున నిట్టి యాటలలో నొకదానినిగూర్చి మా యభిప్రాయమును ఈ సంచికయందుఁ దెలుపుట యుచితమని తలంచితిమి.

ముందుగాఁ దల్లిదండ్రులకు ఒక మనవి. ఆట యన్న మాట వినఁగానే, ధనము నొడ్డి కుటుంబములు చెడిపోవు పందెములు మనస్సునకు వచ్చుట సహజము. అట్టి ధనపందెపు ఆన్‌లైను ఆటలను నిషేధించుచు భారత పార్లమెంటు 2025వ సంవత్సరమున నొక చట్టము చేసినది. మేము చెప్పఁబోవు నాట ఆ జాతిలోనిది కాదు. ఇది యొకమారు వెలయిచ్చి కొని, యింటఁ గూర్చుండి, నవల చదివినట్లుగాఁ గొన్ని దినములలో ముగించు కథ. దీని మంచిచెడ్డలు వేఱు. వానిని వేఱుగానే తూఁచవలెను.

అమెరికాదేశమున వాషింగ్టను రాష్ట్రమందలి సక్కర్ పంచ్ అను సంస్థవారు 2020 జూలైలో “ఘోస్ట్ ఆఫ్ త్సుషిమా” అను నాటను సోనీ కంపెనీవారి ప్లేస్టేషన్ యంత్రమునకై వెలువరించిరి. త్సుషిమా యనునది జపానునకును కొరియాకును నడుమ నున్న ద్వీపము. 1274వ సంవత్సరమున మంగోలు చక్రవర్తియైన కుబ్లయిఖానుని సేనలు నిజముగనే యా ద్వీపముపై దిగినవి. ఆ యుద్ధము నాధారము చేసికొని రచయితలు జిన్ సకాయి యను యోధునిఁ గల్పించిరి. తన ప్రజలను గాపాడుటకై, తనకుఁ జిన్ననాఁటనుండి నేర్పఁబడిన యుద్ధధర్మమును సైతము విడిచి, చీకటిమాటునఁ బోరాడి, తుదకుఁ దనను బెంచిన పినతండ్రివంటి పెద్దకే విరోధియైన వాని కథ యది. కోటికి మించిన ప్రతులు విక్రయింపఁబడినవి.

దానికిఁ గొనసాగింపుగా 2025 అక్టోబరు 2వ తేదీన “ఘోస్ట్ ఆఫ్ యోతేయి” వెలువడినది. అందు జిన్ లేఁడు. కాలము 1603, అనఁగా మొదటి కథకు 329 ఏండ్ల తరువాత. స్థలము జపాను నుత్తరమున నాఁడు ఎజో యని పిలువఁబడి, 1869నుండి హొక్కైడో యనఁబడుచున్న ద్వీపము. అందలి 1898 మీటర్ల యెత్తుగల యోతేయి పర్వతముపేరే యాటకుఁ బేరైనది. కథానాయిక అత్సు అను స్త్రీ. ఆమె బాల్యమున ఆర్గురు దుర్మార్గులు ఆమె కుటుంబమును జంపి, ఆమెను మండుచున్న చెట్టునకుఁ గ్రుచ్చి, చచ్చినదని విడిచిపోయిరి. పదునాఱేండ్ల తరువాత ఆమె స్వస్థలమునకుఁ దిరిగివచ్చి యా యార్గురను వెదకుటయే కథ. “ఘోస్ట్” అనఁగా దయ్యము. ఆ పేరును, చీకటిమాటున నొంటిగాఁ బోరాడు తీరును మాత్రమే రెండు కథలకును బంధము.

ఇట నొక ప్రశ్న పుట్టుచున్నది. జనులు మెచ్చిన నాయకుని విడిచి, యెన్నఁడు నెఱుఁగని వ్యక్తిని కథకు నడుమ నిలుపుట సరియైన పనియా? మన చలనచిత్రములయందు సామాన్యముగా నట్లు జరుగదు. మొదటి భాగమున గెలిచిన వీరుఁడే రెండవ భాగమున మఱింత బలవంతుఁడగు శత్రువును, మూఁడవ భాగమున నంతకంటె బలవంతుని గెలుచుచుండును. చూచువారు నదే కోరుదురని నిర్మాతలు చెప్పుదురు.

మా యభిప్రాయమున నాయకుని మార్చుట సరియైన పనియే. జిన్ సకాయి కథకు మూలమైన ప్రశ్న యొక్కటియే: ప్రజలను రక్షించుటకుఁ దన ధర్మమును విడువవచ్చునా? ఆ ప్రశ్నకు వాఁడు తనకుఁ దోఁచిన ప్రత్యుత్తరము నిచ్చి దాని ఫలితము ననుభవించెను. అంతటితో వాని పని ముగిసినది. వాని నింకను బ్రతికించి క్రొత్త యుద్ధములకు లాగుట, పంటకోసిన చేనిలో మరల కొడవలి యాడించినట్లుండును. ఈ పద్ధతి యితరులును బాటించిరి. “అస్సాసిన్స్ క్రీడ్” అను ప్రసిద్ధమైన యాట 2007వ సంవత్సరమున యెరూషలేము, దమస్కు ప్రాంతములలో 1191 నాఁటి క్రూసేడు యుద్ధకాలమున అల్తాయిర్ అను వానితో మొదలయ్యెను. 2009లో వచ్చిన రెండవ యాటలో నాయకుఁడు ఇటలీదేశపు ఫ్లోరెన్సు నగరవాసియైన ఎజియో. ఈ రెండవవాఁడే యా వరుసలో నెల్లరకును మిక్కిలి ప్రియుఁడయ్యెను. 2016లో నదే వరుసలోని యొక చిన్న యాట 1841 నాఁటి సిక్కు రాజ్యమునకు వచ్చి, అర్బాజ్ మీర్ అను వానిని నాయకునిఁ జేసికొన్నది. వీరుఁడు మాఱుటచేతనే యా కథలు దేశములును, శతాబ్దములును దాఁటఁగలిగినవి.

చరిత్రయు నట్లే నడచుచున్నది. ఒక నాయకుఁడు పోవును. నేల నిలుచును, ఊళ్లు నిలుచును, సమస్య మఱొక రూపమున వచ్చును, దాని నెదుర్కొనుటకు ఎవరు నెదురుచూడని మఱొకరు లేచుదురు. ఈ సత్యమును ఒక బాలుఁడు ఆటవలన గ్రహించినను మాకు సంతోషమే.

అత్సు విషయమున మఱియొక సణుగుడు వినవచ్చినది. పురుషవీరుని స్థానమున స్త్రీని నిలిపిరని దేశదేశములఁ గొందఱు కోపించిరి. అట్టి మాటలు మన బాలురనోటఁ గూడ వచ్చుచున్నవి. “ఆ కాలమున స్త్రీ కత్తిపట్టుట యెక్కడైనఁ గలదా?” యని వా రడుగుదురు. విద్యార్థులారా! ఈ ప్రశ్న జపానువారి నడుగుటకు ముందు మన జిల్లా నడుగుదము. జిన్ సకాయి కథ జరిగిన 1274వ సంవత్సరమున తెలుఁగుదేశమును బాలించుచుండిన దెవరు? ఓరుగంట రుద్రమదేవి. గణపతిదేవ చక్రవర్తి తన కుమార్తెను రాజ్యమునకుఁ దగినదానిగాఁ బెంచి, 1262 ప్రాంతమున నామెకు సింహాసనము నప్పగించెను. శాసనములు ఆమెను “రుద్రదేవ మహారాజు” అని పురుషనామముతోఁ బేర్కొనుచున్నవి. ఆడుది రాజగుట సహింపని సామంతు లానాఁడును గలరు. ఆమె వారి నెదుర్కొని, దేవగిరి యాదవులతోఁ బోరాడి, సుమారు ఇరువదియేడేండ్లు పాలించెను.

ఆమె మరణముగూర్చిన శాసనము మనకుఁ జేరువలోనే యున్నది. కోదాడనుండి హైదరాబాదు పోవు జాతీయమార్గమున సూర్యాపేటను దాఁటి నకిరేకల్లు చేరినచో, ఆ మండలమునందే చందుపట్ల యను గ్రామము కలదు. అందలి శిలాశాసనము 1289 నవంబరు 27వ తేదీకి సరియైన దినమున వేయఁబడినది. రుద్రమదేవియు, ఆమె సేనానియైన మల్లికార్జున నాయకుఁడును శివలోకప్రాప్తి నొందిరనియు, వారి పుణ్యముకొఱకు పువ్వుల ముమ్మడి యను సేవకుఁడు భూమి దానము చేసెననియు నది చెప్పుచున్నది. రాణియు సేనానియు నొక్కసారియే మరణించినట్లు చెప్పుటవలన, తిరుగుబాటుదారుఁడైన కాయస్థ అంబదేవునితోడి యుద్ధములో నామె నేలకొరిగియుండు నని పండితులు తలంచుచున్నారు. అప్పటికామె వయస్సు మీఱిన స్త్రీ. యోతేయి పర్వతమున అత్సు కత్తిపట్టుట కట్టుకథ. చందుపట్ల ఱాయి కట్టుకథ కాదు.

ఈ రెండు దేశముల కథలకును మఱొక బంధము కలదు. త్సుషిమాపైకి ఓడల నంపిన కుబ్లయిఖానుని కొలువులోనే మార్కోపోలో యను వెనీసు యాత్రికుఁడు పెక్కేండ్లుండెను. అతఁడు స్వదేశమునకు మరలి చేసిన రచనలో మన మోటుపల్లి రేవును, ఆ రాజ్యమును న్యాయముగాఁ బాలించిన రాణిని, అచ్చటి సన్నని వస్త్రములను, వజ్రములను బ్రశంసించెను. అయితే ఆ రాణిని మృతుఁడైన రాజునకు భార్య యని వ్రాసెను. ఆమె గణపతిదేవునికిఁ గుమార్తె యని మన శాసనములు తేల్చినవి. సమకాలికుఁడును, లోకమెల్ల తిరిగినవాఁడును నగు మార్కోపోలోయే యిట్లు పొరపడఁగా, ఏడువందల యేండ్లకుఁ దరువాత ఆటలు కల్పించువారు పొరపడుటలో నాశ్చర్యమేమి? కావుననే ఆటలో చూచిన దెల్ల చరిత్ర యని నమ్మరాదు.

త్సుషిమా యాటలో ఏది నిజము, ఏది కల్పితము అని మేము పోల్చి చూచితిమి. మంగోలు దండయాత్ర నిజము. సో సుకెకుని యను స్థానికాధికారి సుమారు ఎనుబదిమంది యాశ్వికులతో తీరమున నెదుర్కొని, వారితోఁ గూడ మడిసెననుట నిజము. కనెదా కోట నిజము. అది 667లోఁ గట్టఁబడినది. జిన్ సకాయియు, వాఁడు ద్వీపమును విడిపించుటయు కల్పితము. ఆ దినమున త్సుషిమాను విడిపించినవాఁ డెవ్వఁడును లేఁడు. మంగోలులు ద్వీపమును ధ్వంసముచేసి ముందునకు సాగి, హకటా యఖాతమునొద్దఁ బోరి, పిదప మరలిపోయిరి. 1281లో మరల వచ్చి తుపానుచే నాశమైరి. ఆటలో నాయకుఁడు కూర్చుండి హైకూ పద్యములు చెప్పును. ఆ పద్యరీతి పదునేడవ శతాబ్దమునఁగాని రూపొందలేదు. అతని కవచమును, కత్తియుఁ గూడ చాలవఱకుఁ దరువాతి కాలమువే. కల్పన చేయుట దోషము కాదు. కల్పన యని చదువరికిఁ దెలియకుండుట దోషము. చారిత్రక నవలలు చదివిన మన పెద్దలకు నీ జాగ్రత్త యెంత యవసరమో, ఆటలాడు పిల్లలకు నంతే యవసరము.

యోతేయి యాటలోఁ గాలమును, స్థలమును ఎంచుకొన్న తీరు మాకు నచ్చినది. 1603లో తొకుగవ ఇయెయసు షోగను పదవి నొంది జపానునకెల్ల నేలిక యయ్యెను. అదే సమయమున మన గోలకొండలో మహమ్మదు కులీ కుతుబ్షా పాలించుచుండెను. చార్మినారు కట్టి పండ్రెండేండ్లు గడచెను. ఎజో ద్వీపమో, క్రొత్త ప్రభుత్వమునకు సరిహద్దున నుండెను. అచ్చట నైనూ జనులు తరతరములుగా వేఁటాడుచు, చేపలు పట్టుచు నివసించుచుండిరి. వారితో వ్యాపారము చేయు హక్కును 1604లో ఇయెయసు మత్సుమయె వంశమువారి కొక్కరికే యొసంగెను. ఆ పిమ్మట నైనూల స్వాతంత్ర్యము క్రమముగాఁ దఱిగిపోయినది. వారు దేశమునందలి మూలవాసులని జపాను ప్రభుత్వము చట్టమున నొప్పుకొన్నది 2019లోఁగాని కాదు. ఆటకర్తలు నైనూ సలహాదారుల నడిగి, వారి జీవితమును జూపుటకుఁ బూనుకొనుట ప్రశంసింపఁదగినది. ఆదిలాబాదు గోండులనుగూర్చి గాని, నల్లమల చెంచులనుగూర్చి గాని కథ కల్పించు మన రచయితలు సైతము ముందుగా వారిని సంప్రదించుట నేర్చుకొనవలెను.

ఇఁక దోషమును జెప్పెదము. జిన్ తన ద్వీపముకొఱకుఁ బోరాడెను. అత్సు పోరాటము తన యింటికి జరిగిన ఘోరమునకుఁ బ్రతీకారముగా మొదలగుచున్నది. ఆర్గురి పేళ్లు వ్రాసికొని, ఒక్కొక్కరిని జంపిన పిదప నొక్కొక్క పేరును గొట్టివేయుచుఁ బోవుట, ఎంత యందముగాఁ జూపినను, మనస్సునకు మేలుచేయు పని కాదు. కథ సాగినకొలఁది ఆమెకుఁ దోడువారు దొరకుదురు. పగకంటెఁ గాపాడఁదగినది మఱొకటి కలదని యామె కొంత గ్రహించును. అయినను చేతిలోని మీట నొక్కుచున్న బాలునికి ఆ గ్రహింపుకంటె కత్తివ్రేటే యెక్కువసారులు లభించును. ప్రతిదిన ముదయప్రార్థనలో క్షమనుగూర్చి వినుచున్న మన విద్యార్థు లీ భేదమును దామే కనిపెట్టగలరని మా నమ్మకము. ఎవరైన నొక విద్యార్థి యీ కథ నడుమ నిలిచి, “ఆర్గురును చచ్చిన పిదప అత్సు ఏమి చేయును?” అని యడిగెనేని, వాఁడు ఆటనుండి నేర్వఁదగినదానిని నేర్చినవాఁడే.

వయస్సు విషయమున మే మొక మాట నిక్కచ్చిగాఁ జెప్పవలసియున్నది. ఈ యాట అమెరికాలోఁ బదునేడేండ్లు నిండినవారికని, ఐరోపాలోఁ బదునెనిమిదేండ్లు నిండినవారికని గుర్తువేసి విక్రయింపఁబడుచున్నది. మన పదవ తరగతి విద్యార్థికి పదునైదు, పదునాఱేండ్లకు మించి యుండవు. కావున నిది వారు ఆడఁదగినది కాదు. పెట్టెపై నున్న గుర్తు దుకాణములోఁ గనఁబడును గాని, ఇతరు లాడుచుండఁగాఁ జూచు సెల్‌ఫోనులోఁ గనఁబడదు. తల్లిదండ్రు లెఱుఁగవలసిన ముఖ్యవిషయ మిదియే. అయితే ఫోను లాగికొనుటతోఁ దమ పని ముగిసినదని వారు తలంపరాదు. కథ యిదివఱకే పిల్లవాని చెవిఁ బడినది. వానిప్రక్కఁ గూర్చుండి, “ఆ కథ యేమిరా? అందులో నీకు నచ్చినదెవరు? ఏల?” అని యడుగుటకుఁ బదినిముషములు చాలును. అడిగించుకొన్న పిల్లవాఁడు ఆలోచించును. తిట్లు తిన్నవాఁడు దాఁచును.

కల్పితకథవలన నిజమైన స్థలమునకు మేలుకలిగిన యుదాహరణము నొకటి చెప్పి మా వాదమును ముందునకు సాగింతుము. 2020 సెప్టెంబరున వచ్చిన తుపానులో త్సుషిమా ద్వీపమందలి యొక పూర్వపు దేవళముయొక్క తోరణము కూలిపోయెను. దానిని మరల నిలుపుటకు 50 లక్షల యెన్నులు కావలెనని యచ్చటివారు చందా కోరఁగా, దానికి ఐదురెట్లకు మించిన ధనము వచ్చిపడినది. ఇచ్చినవారిలో నీ యాట నాడినవారు పెక్కండ్రు. వారిలో ననేకులు ఆ ద్వీపమును గన్నులఁ జూచినవారు కారు. 2021లో నా ద్వీపమువారు ఆటకర్తలలో నిద్దఱిని దమ పర్యాటక రాయబారులుగా నియమించి గౌరవించిరి.

మన ప్రాంతమున నట్టి స్థలములు లేవా? సూర్యాపేట చెంతనే పిల్లలమఱ్ఱి యున్నది. కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు కట్టించిన యాలయములలో ఎఱకేశ్వరము 1208లో బేతిరెడ్డి భార్య యెఱకసానమ్మచే నిర్మింపఁబడినది. మిర్యాలగూడవారికి, మూసీనది కృష్ణలోఁ గలియు వాడపల్లి సమీపమున నున్నది. ఫణిగిరి కొండపై బౌద్ధస్తూపములు, విహారములు బయలుపడినవి. మా ప్రశ్న యిది: త్సుషిమా తోరణము కూలినదని యెఱిఁగిన మన బాలునకు, చందుపట్ల శాసన మెచ్చట నున్నదో తెలియునా? తెలియనిచోఁ దప్పు బాలునిదా, వానికిఁ గథ చెప్పని మనదా? రుద్రమదేవి 2015లో నొకమారు చలనచిత్రమునకు వచ్చెను. 2020లో పూణె నగరమందలి యొక సంస్థ “రాజీ” యను నాటను జేసి, భారతబాలికను నాయికగాఁ జూపెను. మార్గము మూయఁబడలేదు, నడచువారు కావలెను.

నాయకుఁడు మాఱిన కథలకు మన నేల కొఱఁత లేదు. 1323లో నోరుగల్లు పడి ప్రతాపరుద్రుఁడు బందీయైన పిదపఁ దెలుఁగువారి కథ ముగిసెనని ఢిల్లీవారు తలంచిరి. ఎవరు నంతగా నెఱుఁగని ముసునూరి ప్రోలయనాయకుఁడు లేచెను. అతని వెనుక కాపయనాయకుఁడు లేచి యోరుగంటిని మరలఁ గైకొనెను. మన తాతలనాఁటి మాట యెత్తినను, తెలంగాణ సాయుధపోరాటమున భీమిరెడ్డి నరసింహారెడ్డి పేరు వినఁబడిన యీ సూర్యాపేట ప్రాంతముననే, ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యము ఇరువదియేండ్లైన నిండకముందే తుపాకి పట్టినది. ఆమె మార్గమును మెచ్చనివారును, ఆమె ధైర్యమును గాదనలేరు. ఆమె 2022 మార్చిలో మరణించినది. అత్సును జూచి యబ్బురపడు బాలికలకు, అట్టి ముదుసలి నిన్నమొన్నటివఱకుఁ దమ పొరుగుననే యుండెనని యెవరైనఁ జెప్పిరా?

కావున మన యుపాధ్యాయులకును, విద్యార్థులకును మేమొక సూచన చేయుచున్నాము. రాఁబోవు విద్యాసంవత్సరమునఁ బ్రతి తరగతివారును ఒక్కసారియైన చందుపట్లకుఁ గాని, పిల్లలమఱ్ఱికిఁ గాని పోవలెను. పోయి వచ్చిన పిదప నొక కథ వ్రాయవలెను. అందు రుద్రమదేవిని నాయికగాఁ బెట్టరాదు. ఆమె కథ యిదివఱకే చెప్పఁబడినది. క్రొత్త నాయకుఁడు కావలెను. మా దృష్టిలో నొకఁడు సిద్ధముగా నున్నాఁడు. రాణి పోయినది, సేనాని పోయినాఁడు, శత్రువు చేరువలోనే యున్నాఁడు. అట్టి దినములలో పువ్వుల ముమ్మడి యను సేవకుఁడు పాఱిపోక, తన కున్నదానిలోఁ గొంత భూమి నిచ్చి, శిల్పిని బిలిపించి, ఱాతిపై తేదీతోఁ గూడ వ్రాయించి పోయెను. వాఁడు కత్తిపట్టెనో లేదో శాసనము చెప్పదు. వాఁ డాపని చేయకున్నచో రుద్రమదేవి యెన్నఁడు పోయెనో మన కెవ్వరికిని దెలిసియుండెడిది కాదు. వాని యూరెట్టిదో, ఆ దినమున వాఁడేమి భయపడెనో, శిల్పితో నేమి మాటలాడెనో మన బాలబాలికలు ఊహించి వ్రాయుదురు గాక. వానిలో మేలైన కథను వచ్చు సంవత్సరపు సంచికయందుఁ జదువఁగోరుచున్నాము.